అర్కకన్య, కాశ్యప గోత్రం

బరంపురం నుంచి వచ్చే పొద్దుటి పాసింజరు ఛత్రపూర్‌లో ఆగేసరికి అసిరయ్య తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. చంకలో గుడ్డసంచీ, చేతిలో క్యారేజీ, చొక్కా జేబులో రెండు కలాలు. ముప్పై నాలుగేళ్లుగా అదే రైలు. ఉద్యోగం ఉన్న రోజుల్లో బండి ఆగకముందే దూకేవాడు. రిటైరై రెండేళ్లయింది. ఇప్పుడు కడ్డీ పట్టుకుని ముందు ఎడంకాలు దించి, అది నేలకి ఆనిందని రూఢి చేసుకున్నాకే కుడికాలు దించుతాడు. వెనకవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ అనుకుంటాడు.

కచేరీకి ఎదురుగా టైపు దుకాణం అరుగు మీద ఒక చెక్కబల్ల ఉంది. దాని మీద రెక్సిన్ గుడ్డ పరిచి, గుడ్డ చిరిగినచోట సిరాబుడ్డి పెట్టి, పంచె చెంగుతో కళ్లద్దాలు తుడుచుకుని కూర్చున్నాడు. గంజాం జిల్లా మద్రాసు కింద ఉన్నప్పటి కాగితాలు చాలామటుకు తెలుగువి. కచేరీ నడిచేది ఒడియాలో. తాతల నాటి దస్తావేజో, పురోహితుడి పుస్తకమో పట్టుకుని ఎవరైనా వస్తే దాన్ని చదివి ఒడియాలో నకలు రాసి ఇవ్వడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి అసిరయ్య. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆ పని లోపల కూర్చుని చేశాడు, ఇప్పుడు బయట కూర్చుని చేస్తున్నాడు. లోపల ఫ్యాను ఉండేది, అంతే తేడా.

పొట్టి మనిషి. రాసి రాసి మెడ ముందుకి వంగిపోయింది. కుడిచేతి మధ్యవేలి మీద కలం ఒరుసుకుని కాయ కాసింది. చికిటి దగ్గర పల్లెలో కూలివాళ్ల ఇంట పుట్టి, ఎనిమిదో తరగతి దాకా తెలుగు బళ్లో చదివి, ఒడియా సొంతంగా నేర్చుకున్నాడు. వాళ్ల ఇంటావంటా కలం పట్టినవాడు లేడు. అందుచేత అతనికి కలమంటే భక్తి, కాగితమంటే భయం. ఉన్నది ఉన్నట్టు దింపుతాను, సొంతంగా ఒక్క అక్షరం చేర్చను, అదే నా నీతి అని చెప్పుకునేవాడు. నిజమే, అది నీతే. పిరికితనానికి అంతకంటే మంచి ముసుగు దొరకదు కూడాను.

ఎన్ని వందల పెళ్లిళ్ల వివరాలు ఆ చేత్తో రాశాడో లెక్కలేదు. అతని సొంత పెళ్లికి మాత్రం కాగితం లేదు. పింఛను పత్రాల్లో భార్య పేరు చేర్చాలంటే రుజువు కావాలన్నారు. చిట్టమ్మ మెళ్లో తాళి కట్టినప్పుడు పాక ముందు కల్లు కుండ, డప్పు తప్ప ఏమీ లేవు. ఏం చేయాలో తోచక తెల్లమొహం వేస్తే, పక్క బల్ల వాళ్లిద్దరు నవ్వి, టీ తాగుతూ సాక్షి సంతకాలు పెట్టేశారు. అయిదు నిమిషాల్లో చిట్టమ్మ ధర్మపత్ని అయింది. ఆ పూట అసిరయ్య టీ తాగలేకపోయాడు. ఎందుకో ఆ ఇద్దరికీ తెలియదు.

పది గంటలకి ఒక పెద్దమనిషి అరుగెక్కాడు. తెల్లప్యాంటు, చేతిలో పొడుగాటి రేకుగొట్టం.

"అసిరయ్య అంటే నువ్వేనా?"

"నానే బాబూ. కూకోండి."

ఆయన పేరు వెంకటరమణమూర్తి. రైల్వేలో ఇంజనీరుగా ఖరగ్‌పూర్ వైపు ఉద్యోగం చేసి, రిటైరయ్యాక బరంపురంలో లంజిపల్లిలో ఇల్లు కట్టుకున్నాడు. పొద్దు పోక తన వంశచరిత్ర రాస్తున్నాడు. రేకుగొట్టంలోంచి చాప అంత కాగితం తీసి బల్ల మీద పరిచాడు. ఏడు తరాల పేర్లు, గీతలు, గళ్లు. అందులో ఒక గడి చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది.

"మా మేనమామ జానకీరామయ్యగారు. చికిటి. రెండేళ్లుగా ఈ ముడి విప్పలేక చస్తున్నానయ్యా. ఇద్దరు భార్యలు పోయాక పందొమ్మిదొందల యాభై ఎనిమిదిలో మళ్లీ పెళ్లి చేసుకున్నారు. ఇదిగో శుభలేఖ. వైశాఖ శుద్ధ దశమి, వధువు కమలాంబ. మరి ఈ నకలు చూడు. నవమి నాడు ఇంకో పెళ్లి అయినట్టుంది. వధువు అర్కకన్య, తండ్రి అర్కుడు, తాత సవిత, కాశ్యప గోత్రం. రోజు తేడాతో రెండు పెళ్లిళ్లేమిటి? ఈ అర్కకన్య ఎవరు? కాశ్యప గోత్రీకులున్న ఊళ్లకల్లా ఉత్తరాలు రాశాను. ఒక్కడూ ఎరగనన్నాడు."

అసిరయ్య కాగితం దగ్గరికి లాక్కున్నాడు. నకలు కింద గుండ్రటి ఒడియా అక్షరాల సంతకం అతనిదే.

"నీ సంతకమేనా?"

"నాదే."

"ఈ కమలాంబని మా వాళ్లు భార్య కిందే లెక్కపెట్టలేదట. ముందురోజు కట్టుకున్నావిడ ఉండగా వచ్చింది కాబట్టి ఉంచుకున్నదాని కిందే జమ అన్నారు. నేనూ అలాగే అర్కకన్యకి మూడో భార్య గడి ఇచ్చి, ఈవిడకి చుక్కలగీత వేసి పక్కన పెట్టాను." మూర్తిగారు వేలితో చూపించాడు. చార్టు అంచున, గళ్లకి బయట, చుక్కలగీత చివర చిన్నగా కమలాంబ పేరు ఉంది.

అసిరయ్య కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఈ కాగితం ఏదో ఒకనాడు తిరిగి వస్తుందని ఇరవై మూడేళ్లుగా అతనికి తెలుసు. కచేరీ మెట్లెక్కిన ప్రతి కొత్త మొహాన్నీ అనుమానంగా చూశాడు. రిటైరైన రోజున దండ వేస్తుంటే గండం గడిచిందనుకున్నాడు.

"బాబూ, ఆ అర్కకన్య ఆడమనిసి కాదు. జిల్లేడు మొక్క."

మూర్తిగారు చార్టు మీద అర్కకన్య గడి వైపు చూశాడు.

మీలో మూడో పెళ్లి అచ్చిరాదంటారు కదా, అన్నాడు అసిరయ్య. ఇద్దరు భార్యలు పోయినవాడు మళ్లీ చేసుకోవాలంటే, ముందురోజు ఊరి బయట జిల్లేడు మొక్కకి తాళి కడతాడు. మొక్క మూడో పెళ్లాం. మూడో పెళ్లి కీడంతా దానికి పోతుంది. మర్నాడు పెళ్లి పీటల మీద కూర్చున్న పిల్ల నాలుగోది అవుతుంది. మంత్రంలో మొక్కకి కూడా తండ్రీ తాతా గోత్రమూ చెప్తారు. పురోహితుడు ఆడపిల్లకి రాసినట్టే దాని వివరాలూ తన పుస్తకంలో రాసుకున్నాడు.

"నాకేటి తెలుసు? మాలో పెళ్లాం పోతే మారుమనువు సేసుకుంటారు, అంతే. ఆ పుస్తకం నా బల్ల మీదికొచ్చింది. వధువు పేరు, తండ్రి, తాత, అన్నీ ఉన్నాయి. గళ్లలో నింపీసినాను."

జానకీరామయ్యగారు అరవై మూడులో పోయారు. ఆయన తమ్ముడి కొడుకులు ఇంటి కోసం దావా వేశారు. వాళ్లకి జిల్లేడు సంగతి తెలుసు. ఆ పెళ్లికి మొక్క చుట్టూ గొయ్యి తవ్వింది వాళ్లే. పురోహితుడు అప్పటికే చనిపోయాడు, ఆయన పుస్తకం కచేరీకి తెచ్చిందీ వాళ్లే. తెలిసినవాళ్లు నోరు మూసుకున్నారు, తెలియనివాడు రాసి ముద్ర కొట్టించాడు. కొత్త చట్టం ప్రకారం ఒక భార్య ఉండగా ఇంకొకతె భార్య కాదు. ముద్ర కొట్టిన కాగితం చూసి కమలాంబ అన్నగారు భయపడి ఆమె చేత రాజీకి వేలిముద్ర వేయించాడు. తీర్పు దాకా పోనేలేదు.

"నీకు తరవాతైనా తెలియలేదా?" అడిగాడు మూర్తిగారు.

ఈ ఒక్క ప్రశ్న అడగకుండా ఉంటే బాగుండుననుకున్నాడు అసిరయ్య. ఎప్పుడో పదేళ్ల తరవాత తెలిసిందని ఒక అబద్ధం సిద్ధంగా నోటి దాకా వచ్చింది. ఎదురుగా చార్టు మీద ఆ చుక్కలగీత కనిపిస్తోంది.

"తెలిసింది. ఆయమ్మే వొచ్చి సెప్పింది. అరవై నాలుగులో."

ఎండలో నడిచి వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లుంటాయేమో. బల్ల అవతల నిలబడి, నాయనా నువ్వు రాసింది మనిషి కాదు, మొక్క, ఒక్క మాట దిద్దిపెట్టు అని అడిగింది. ఆమె మాట నిజమని అసిరయ్యకి వినగానే తెలిసిపోయింది. తాత సవిత, తండ్రి అర్కుడు అని రాస్తున్నప్పుడే ఈ పేర్లేమిటా అని కలం ఒక క్షణం ఆగింది కూడా. కానీ అతనిది పన్నెండేళ్లుగా టెంపరరీ ఉద్యోగం. పర్మినెంటు ఆర్డరు ఆ నెలలోనే రావాలి. నేను తప్పు రాశాను అని పైకి రాసి పంపిన గుమస్తాకి ఆర్డరు ఎవడిస్తాడు? తల ఎత్తకుండా, పుస్తకంలో ఉన్నదే రాసానమ్మా అన్నాడు. ఆమె వెళ్లిపోయింది. ఆర్డరు వచ్చింది. ఆ ఉద్యోగంతోనే ఇద్దరు ఆడపిల్లల్ని పెంచాడు, చిట్టమ్మకి ముక్కుపుడక చేయించాడు.

"చీ" అన్నాడు మూర్తిగారు. కాగితం చుట్టబోయి ఆగాడు. "ఆవిడ ఎక్కడుందో తెలుసా?"

"బరంపురంలోనే. కల్యాణ మండపంలో వంట సేస్తంది. ఒకపాలి పెళ్లికెల్లి సూసినాను. తినకుండా ఒచ్చీసినాను."

అప్పుడతను సంచీలోంచి తెల్లకాగితం తీశాడు. ఉన్నది దింపడమే తప్ప సొంతంగా రాయడం చేతకాని మనిషికి ఆ పన్నెండు పంక్తులకి గంట పట్టింది. కింద తెలుగులో సంతకం పెట్టాడు. దీంతో పింఛను ఆగిపోతుందా, పోలీసులు వస్తారా అనేది అతనికి తెలియదు.

ఇద్దరూ బస్సెక్కి బరంపురం చేరేసరికి మూడు దాటింది. మండపం ముందు అరటిబోదెలు, రంగుకాగితాలు. నాలుగూ నలభైకి ముహూర్తం. పెళ్లికూతురు అమ్మడు అట, ఎవరో సీతాలుగారి మనవరాలు, గుమ్మం మీద రాసి ఉంది. సన్నాయివాళ్లు వాయిస్తున్నారు. మూర్తిగారు లోపలికి రావడానికి జంకి, ముందు నువ్వెళ్లి చెప్పు అని వరండాలో కుర్చీలో కూలబడ్డాడు.

వంటశాల వెనక సామాన్ల గది గుమ్మంలో, బియ్యం బస్తాకి ఆనుకుని కూర్చుని ఉంది కమలాంబ. యాభై ఏళ్ల మనిషి డెబ్భై ఏళ్లదానిలా ఉంది. పాదాలు పొంగి, చీలమండలు కనబడడం లేదు. రెక్కలు నూనె చురకలతో మచ్చలు పడ్డాయి. తెల్లవారుజామునుంచి మూడొందల మందికి వండి ఇప్పుడే నడుం వాల్చింది. ఇన్ని పెళ్లిళ్లకి వండింది గాని, ముండమోసిన మనిషి గనక, ఒక్క పెళ్లీ ముందుకి వచ్చి చూడలేదు. ఎగశ్వాస తీస్తోంది.

"ఎవరది?"

"అసిరయ్యనమ్మా. ఛత్రపూర్ కచేరీ గుమస్తాని."

ఆమె కళ్లు చికిలించి చూసింది. "తల వంచుకుని రాసుకునేవాడివి. నీ మొహం ఇప్పుడు చూస్తున్నాను."

అసిరయ్య గడప బయట చతికిలబడ్డాడు. ఆమె మడిలో ఉంది, దగ్గరికి పోకూడదు. క్షమించమని అడగాలని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. కాగితం తీసి చదివాడు. తను రాసిన నకలులో మూడో భార్యగా చూపిన అర్కకన్య జిల్లేడు మొక్క అనీ, జానకీరామయ్యగారికి ధర్మపత్నిగా వచ్చింది కమలాంబగారనీ, ఆమె వచ్చి చెప్పినా తను దిద్దలేదనీ, తప్పు తనదేననీ చదివాడు.

"మళ్లీ చదువు."

మళ్లీ చదివాడు. ఈసారి మధ్యలో రెండుసార్లు ఆగాడు.

"అందులో నా పేరెక్కడుంది?"

కాగితాన్ని గడప మీదుగా లోపలికి జరిపి, పెన్సిలు మొనతో చూపించాడు. ఆమె వంగి, తన పేరు మీద వేలు పెట్టింది.

"ఇంత చిన్నగా ఉంటుందా!" అంది. వేలు తియ్యకుండానే, "మరి ఆ మొక్క మాటేమిటి?" అని అడిగింది.

"కొట్టీసినానమ్మా. మూర్తి బాబు కూడా ఆరి పట్టీలోంచి తీసీస్తారు."

"తియ్యొద్దని చెప్పు. దానికీ తాళి కట్టారు పాపం. మర్నాడే పీకి పెంట మీద పారేశారు. నన్నయితే అయిదేళ్లు ఉండనిచ్చారు." ఆ మాట కోపంగా అనలేదు. ఎవరో తోడికోడలి గురించి చెప్పినట్టు చెప్పింది. "ఎంతమందికి చెప్పానో నాయనా. ఒడియా వాళ్లకి ఒడియాలో చెప్పాను, మనవాళ్లకి మనమాటలో చెప్పాను. కాగితం ఉందే అనేవారు. నువ్వు ఇరవై రెండేళ్లు ఆలస్యంగా వచ్చావు."

"అవునమ్మా."

"ఆ మూర్తి ఎవరు, ఆయన చెల్లెలి కొడుకా? రమ్మను. వాళ్లమ్మ పోలికేమో చూస్తాను."

అసిరయ్య వరండాలోకి పోయి, మొక్క గురించి ఆమె అన్న మాట కూడా చెప్పి పిలుచుకొచ్చాడు. మూర్తిగారు బూట్లు విప్పి, తల దువ్వుకుని, గడప దగ్గర నిలబడ్డాడు. ఆమె బస్తా మీద తల వాల్చి ఉంది. కన్ను మూతపడింది, పాపం అలిసిపోయింది, లేపొద్దు అన్నాడు మూర్తిగారు. ఇద్దరూ నిలబడ్డారు. బయట సన్నాయి గౌరీకల్యాణం వాయిస్తోంది. తోటి వంటమనిషి బాలామణి మంచినీళ్ల చెంబుతో వచ్చి, పిన్నీ అని భుజం తట్టింది. చెంబు పక్కన పెట్టి, ఆమె ముక్కు దగ్గర చెయ్యి పెట్టింది. తరవాత చెంగు నోట్లో కుక్కుకుంది.

నాలుగూ పది.

మండపం మేనేజరు లక్ష్మణరావు పరిగెత్తుకొచ్చి, తొంగిచూసి, ముందుగా ఆ గది తలుపు దగ్గరికి వేశాడు. చెమట కారిపోతోంది.

"ఆజ్ఞా బాబూ, మీకు దణ్ణం పెడతాను, అరవకండి. పిల్ల పీటల మీదుంది. ఇప్పుడీ కబురు బయటికెళ్తే పెళ్లి ఆగిపోద్ది. ఆగకపోయినా, పీటల మీద ఉండగా చావొచ్చిందని ఆ పిల్లని బతికినన్నాళ్లూ ఆడిపోసుకుంటారు. జనం లేచేదాకా చూడండి, ఆరు దాటితే చాలు."

మూర్తిగారు గోడకి ఆనుకున్నాడు. లక్ష్మణరావు శ్మశానానికి ఇవ్వాల్సిన చీటీ తెచ్చాడు. అందులో గళ్లున్నాయి. అతను గళ్లు చూసి తడబడుతుంటే, అసిరయ్య ఇలా తెండి అని తీసుకున్నాడు. అతనికి చేతనైన పని అదొక్కటే.

పేరు, కమలాంబ. వయస్సు, యాభై. భర్త పేరు అన్నచోట లక్ష్మణరావు, "అది ఖాళీగా వదిలెయ్యండి, మా రిజిస్టర్లో కూడా లేదు" అన్నాడు. అసిరయ్య వినిపించుకోకుండా జానకీరామయ్య, చికిటి అని రాశాడు. గడిలో పట్టకపోతే అంచు మీదికి కూడా రాశాడు.

"కబురు ఇచ్చినవాళ్లు?" తరవాతి గడి చదివాడు అసిరయ్య.

"నా పేరు రాయి" అన్నాడు మూర్తిగారు.

"ఏటవుతారని రాయాలి బాబూ?"

మూర్తిగారు ఆమె వైపు చూసి, "మేనల్లుణ్ణి" అన్నాడు. అనేసి ముఖం తిప్పుకున్నాడు.

మిగిలింది పోయిన వేళ. అసిరయ్య కలం ఆ గడి మీద ఆగింది. జీవితంలో మొదటిసారి సొంత బుద్ధితో నిజం రాసి ఇంకా నాలుగు గంటలు కాలేదు. ఆ రోజు రాయాల్సిన నిజం రాయక ఒక ఆడమనిషి బతుకు బుగ్గి చేశాడు. ఇప్పుడు నిజం రాస్తే ఇంకొక ఆడపిల్ల. ఆ పిల్ల మొహం కూడా అతను చూడలేదు. తల్లి చచ్చినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. కళ్లద్దాలు తడిసి గళ్లు అలుక్కుపోతుంటే, తుడుచుకుని, సాయంత్రం ఆరుంపావు అని గుండ్రంగా రాశాడు. ఈ తప్పుని ఎవరూ వచ్చి దిద్దమని అడగరు.

గట్టిమేళం మోగింది. అక్షింతలు, అరుపులు, నవ్వులు. అసిరయ్య తలుపుకి అడ్డంగా, వచ్చేపోయేవాళ్లకి లోపల ఏమీ కనబడకుండా కూర్చున్నాడు. ఎవరో లడ్డూల కోసం వస్తే బాలామణి బయటినుంచే అందించింది. కమలాంబ వండిన పులుసు బాగుందని మెచ్చుకుంటూ జనం రెండో పంక్తి తింటున్నారు. మూర్తిగారు చార్టు విప్పి మోకాళ్ల మీద పెట్టుకుని, చుక్కలగీత మీద కలంతో గట్టిగా గీత లాగుతున్నాడు. జిల్లేడు గడిని ఉంచేశాడు.

ఆరుంపావుకి లక్ష్మణరావు తలుపు తీశాడు. మోసుకుపోవడానికి మండపం పనివాడు పైడన్నా ఇంకో ముగ్గురూ వచ్చారు. పెరటి తలుపు గుండా తీసుకుపోయారు. మూర్తిగారు వెనకే నడిచాడు. అసిరయ్య కూడా ఇంటి మాట మరిచిపోయి నడిచాడు.

పెరట్లో, మనిషెత్తుకి పైన కట్టిన వెదురు దండెం మీద, ఎవరి చెయ్యీ తగలకుండా రేపటి మడి కోసం ఆమె పొద్దున కర్రతో ఎత్తి ఆరేసుకున్న చీర, ఎండి అక్కడే ఉంది.